ముగ్గు పోసిన మొగుడు

మా ఆవిడ నలభై ఆరో ఏట విదేశంలో చదువుకోవడానికి బయల్దేరింది. కోర్సు పేరు ‘డిజైన్, సంస్కృతి’. మా బావమరిది దాన్ని సగమే విన్నాడు. “సంస్కృతం నేర్చుకోవడానికి అంత దూరం ఎందుకు బావా? మన వీధి చివర మాస్టారు ఉన్నారుగా!” అన్నాడు.

తోడుగా నేనూ వెళ్ళాను. నా వీసా మీద ‘ఆధారపడిన వ్యక్తి’ అని ఉంది. ఇరవై నాలుగేళ్ళు ఓ ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి కదా, ఆ ముక్కలో ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని మూడుసార్లు చదివాను. దొరకలేదు. అక్షరం అక్షరం నిజం. పొద్దున్నే లేచి ఆవిడకి అన్నం డబ్బా సర్దిపెట్టేవాణ్ణి. హాస్టల్లో ఉంటున్న మా అమ్మాయి ఫోన్ చేసి, “అయితే కెరీర్ అమ్మది, క్యారియర్ నీదీనా నాన్నా?” అంది. పంచ్ నాకు తగిలిందని కాదు గానీ, అది నేను వెయ్యాల్సింది.

మేం వెళ్ళిన ఊరు రెండేళ్ళ కిందట ఏరు పొంగి సగానికి సగం కొట్టుకుపోయింది. మిగిలిన గోడల మీద నీళ్ళు నిలిచిన ఎత్తున మట్టిచార ఇంకా ఉంది. అది నాకు గడ్డం దాకా వస్తుంది, మా ఆవిడకి నుదురు దాకా. ఇళ్ళు పోయినవాళ్ళు వరసగా పేర్చిన రేకుల గదుల్లో ఉంటున్నారు. ఆ గదులకీ, ఉత్తరం వైపున్న ఆస్పత్రికీ మధ్యలో చదును చేసిన పెద్ద ఖాళీ స్థలం. ఒకప్పుడు పోస్టాఫీసూ దుకాణాలూ ఉన్న చోటు అది. అక్కడ లైబ్రరీ, హాలు, వర్క్‌షాపు కలిపి ఊరందరికీ ఓ భవనం కట్టాలని మునిసిపాలిటీ ఆలోచన. ఆ భవనానికి ప్లాను గీయడమే మా ఆవిడకి ఆఖరి పరీక్ష.

ఒక మాట ముందే చెప్పాలి. ఆ ఊరివాళ్ళు మాట్లాడేది వాళ్ళ భాష. నేను రాస్తున్నది నా తెలుగు. మధ్యలో మర్యాద కనబడితే అది నాది, తిట్లు కనబడితే వాళ్ళవి.

పరీక్ష పెట్టే ప్రొఫెసరమ్మ ఎండ కాసినా వాన కురిసినా గొడుగూ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లూ వదలదు. ఆవిడ షరతు ఏమిటంటే, ప్లాను కాగితం మీద చూపిస్తే చాలదు, అసలు కొలతలతో ఆ స్థలంలోనే నేల మీద గీయాలి. పది రోజులు జనం అందులో తిరగాలి. పదో రోజున ఆవిడ ఎదుట అందరూ నడిచి చూపించాక, ఊరి కమిటీ ‘సరే’ అని సంతకం పెడితే పాస్. పెట్టకపోతే మళ్ళీ ఆర్నెల్లు చదవాలి. మా ఆవిడ స్కాలర్‌షిప్పు ఆ నెలతో ఆఖరు. కాబట్టి సంతకం పడకపోతే డిగ్రీ లేకుండా పెట్టె సర్దుకోవడమే.

మన దగ్గర మేస్త్రీలు పునాది తవ్వేముందు మేకులు కొట్టి, తాడు లాగి, నేల మీద సున్నం గీతలు వేస్తారు చూడండి, ముగ్గు పోయడం అంటారు దాన్ని. అక్కడా అదే పద్ధతి. సున్నప్పొడి నింపిన డబ్బాకి అడుగున చిల్లు. దాన్ని ఊపుకుంటూ తాడు వెంట నడవాలి. గీత పడితే గోడ, గీత ఆగితే గుమ్మం. రెండో రోజుకల్లా మా ఆవిడకి నడుం పట్టేసింది.

“ఏమండీ, గాలికి గీతలు పోతున్నాయి. రోజూ పొద్దున్న కాస్త దిద్దిపెట్టరూ? దిద్దడం మీకు అలవాటేగా!”

అలా నన్ను ముగ్గులోకి దించింది. పెళ్ళాలు ముగ్గులోకి దించిన మొగుళ్ళు ఊరికి వందమంది ఉంటారు. చేతికి డబ్బా ఇచ్చి మరీ దించింది మా ఆవిడొక్కతే. ఫొటో పంపితే మా అమ్మాయి, “ముగ్గు డ్యూటీ ఉంది కాబట్టే మొగుడన్నారేమో నాన్నా” అని జవాబిచ్చింది. ఈ పిల్ల నా పొట్ట కొట్టేట్టుంది.

మా ఆవిడ ప్లానులో ఆవిడకి ప్రాణం ఉత్తరం గోడ. నూట పది అడుగులు, ఎక్కడా తెగకుండా. కొట్టుకుపోయిన ప్రతి వీధి పేరూ, ప్రతి దుకాణం పేరూ దాని మీద చెక్కించాలని ఆవిడ కోరిక. ‘జ్ఞాపకాల గోడ’ అని పేరు కూడా పెట్టుకుంది. అది నా గోడు అవుతుందని అప్పటికి నాకు తెలియదు.

మూడో రోజు పొద్దున్న చూస్తే ఉత్తరం గోడ మధ్యలో ఒకచోట గీత చెరిగిపోయి ఉంది. గాలి అనుకుని దిద్దాను. నాలుగో రోజు మళ్ళీ అక్కడే. ఐదో రోజూ అక్కడే. గాలికి అంత క్రమశిక్షణ ఉండదు. ఆరో రోజు కాఫీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని ఇటుకల కుప్ప మీద కాపలా కూర్చున్నాను.

ముందుగా వచ్చింది టపా తాత. ఉత్తరాలు పంచి పంచి రిటైరైన పోస్ట్‌మాన్ ఆయన. ఎనభై దాటినా ఇంకా టపా కట్టలేదు. సైకిలు ఉంది గానీ ఎక్కడు, తోసుకుంటూ నడుస్తాడు. ఆయనకి సైకిలు ఆసరానో, సైకిలుకి ఆయన ఆసరానో చెప్పడం కష్టం. దక్షిణం గుమ్మంలోంచి బుద్ధిగా లోపలికొచ్చాడు, లైబ్రరీ గోడ చుట్టూ తిరిగాడు, హాలు గుమ్మం దగ్గర సైకిలు కాస్త వంచి మరీ దాటాడు. తీరా ఉత్తరం గోడ దగ్గరికొచ్చి, నేరుగా దాని మీంచి పోనిచ్చాడు.

“తాతగారూ! అది గోడ!”

ఆగాడు. ముందు చక్రం గోడకి అవతల, వెనక చక్రం ఇవతల.

“ఏది?”

“మీరిప్పుడు తొక్కిందే.”

“గోడైతే నేనెలా దాటాను?”

“ఊహించుకోవాలండీ. ఇక్కడ గోడ ఉందనుకోవాలి.”

“నువ్వు ఊహించుకో అబ్బాయ్. ఇక్కడ సందు ఉండేది. ముప్పై మూడేళ్ళు రోజుకి రెండుసార్లు నడిచాను. ఏరు గోడల్ని పట్టుకుపోయింది, ఒప్పుకుంటాను. సందునెలా పట్టుకుపోతుంది? సందంటే ఖాళీయేగా!”

యాభై రెండేళ్ళవాణ్ణి అబ్బాయ్ అన్నాడన్న సంతోషంలో నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈలోగా ఆయన ఆస్పత్రి దాకా వెళ్ళిపోయాడు.

ఇంకో గంట అక్కడే కూర్చున్నాను. చేతికర్రతో ఒక ముసలాయన, బకెట్లతో ఇద్దరు ఆడవాళ్ళు, డ్యూటీకి పరిగెత్తే నర్సు, అందరిదీ అదే వరస. మిగతా గోడల్ని పొరపాటున కూడా తొక్కరు. నర్సయితే లైబ్రరీ గోడకి భుజం తగులుతుందేమోనని పక్కకి తిరిగి నడిచింది. ఉత్తరం గోడలో ఆ ఒక్క చోట మాత్రం అందరూ వంచిన తల ఎత్తకుండా నేరుగా దాటిపోతున్నారు. వాళ్ళు గోడని తొక్కడం లేదు. వాళ్ళ కాళ్ళకి అక్కడ గోడే లేదు.

మధ్యాహ్నం మా ఆవిడకి చెప్పాను. నాలాంటివాడు ఎలా చెప్తాడో అలాగే చెప్పాను. “ఏమోయ్, నీ ఉత్తరం గోడకి ఉత్తరాల తాత ప్రత్యుత్తరం ఇచ్చాడు. నీ ప్లానులో అన్నీ ఉన్నాయి, సందే లేదు. సందు లేనిదే సందడి ఎక్కణ్ణించి వస్తుంది?”

ఆవిడ పెన్సిలు చెక్కడం ఆపలేదు. “ఆ సందు పాత మ్యాపులో చూశాను. అడుగడుగునా మురుగు. యాభై గదులకి వెళ్ళి, మీకేం కావాలని అడిగాను. లైబ్రరీ అన్నారు, కుళాయిలన్నారు, నీడన్నారు. సందు కావాలని ఒక్కరూ అనలేదు.”

“నాకో ఖాళీ కావాలి అని ఎవరైనా అడుగుతారా?”

“మీరు అడుగుతున్నారుగా! పెళ్ళయిన దగ్గర్నించీ చూస్తున్నా. నేనేం చేసినా తప్పు వెతకడమే.”

“అది నా వృత్తోయ్.”

“వృత్తి మానేసి వచ్చారుగా, ప్రవృత్తి కూడా మానండి.”

జవాబు బాగుంది. అందుకే నోరు మూసుకున్నాను.

తొమ్మిదో రోజు ఇటుకల మీద కూర్చుని కూర్చుని నా ప్యాంటు వెనక చిరిగింది. రేకుల గదుల్లో మూడో దానిలో టైలరమ్మ ఉంటుంది. వరదలో దుకాణం పోయినా మిషను మాత్రం నెత్తిన పెట్టుకుని బయటపడిన మనిషి. ఊరి కమిటీలో సంతకం పెట్టేది ఆవిడే. నన్ను ఓ దుప్పటి చుట్టుకుని కూర్చోమని ప్యాంటు మిషను కింద పెట్టింది.

“రేపటి గురించి బెంగ పెట్టుకోకు తమ్ముడూ,” అంది, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే. “అందరికీ చెప్పేశాం. రేపు ఆ గోడని ఎవరూ దాటరు. చుట్టూ తిరిగే వెళ్తాం.”

“అదేంటక్కా?”

“మీ ఆవిడ పాసవ్వాలిగా! ఇల్లిల్లూ తిరిగి మా సొదంతా రాసుకుంది. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తెలీక నా కాజాలు కుట్టిపెట్టింది. వంకరగా కుట్టిందనుకో. అయినా ఒక్క సంతకంతో ఆవిడకి డిగ్రీ వస్తుందంటే మాకేం పోయింది?”

“మరి భవనం కట్టాక?”

టైలరమ్మ గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. “కట్టనీ! కట్టాక మధ్యలో చిన్న కన్నం కొట్టేస్తాం. మా అన్నయ్య దగ్గర మంచి గునపం ఉంది.”

ప్యాంటు తొడుక్కుని బయటికొచ్చాను. ఊరు ఊరంతా కలిసి మా ఆవిడకి మార్కులు వేద్దామని తీర్మానించింది. ఆవిడ ప్రాణం పెట్టిన గోడకి కన్నం కూడా అప్పుడే మంజూరైపోయింది. నేను ఊరుకుంటే డిగ్రీ. నోరు తెరిస్తే పెట్టె.

ప్రెస్సులో ఉండగా ఓసారి ఒక సన్మానపత్రం అచ్చేశాం. నూట పది కిలోల అధ్యక్షులవారిని ‘పెద్దమనిషి’ అని రాయాల్సిన చోట, కంపోజింగ్‌లో ఖాళీ పడి ‘పెద్ద మనిషి’ అయింది. ఆయన స్టేజీ మీద పత్రం చదువుకుని, పొట్ట వైపు చూసుకుని, దండ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తప్పు నేను ప్రూఫులో చూశాను. చిన్నదేలే అని వదిలేశాను. ఒక్క ఖాళీ ఎంత పని చేస్తుందో అప్పటినుంచీ నాకు తెలుసు.

సాయంత్రం చెబుదామని ఇంటికెళ్ళాను. మా ఆవిడ మర్నాటికి చీర ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీస్తోంది. అక్కడికొచ్చాక ఆవిడ పాడటం అదే మొదటిసారి. నేను నోరు తెరిచి, “ఇస్త్రీ బాగుంది” అన్నాను.

పదో రోజు. ప్రొఫెసరమ్మ గొడుగేసుకుని మధ్యలో నిలబడింది. ఒకరి తర్వాత ఒకరు రేకుల గదుల నుంచి బయల్దేరి ఆస్పత్రి దాకా నడవాలి. నడిచారు. అంత చెత్త నటన నేను ఎక్కడా చూడలేదు. అందరూ ఉత్తరం గోడ దగ్గరికొచ్చి ఠక్కున ఆగుతారు, ‘ఓహో, గోడ!’ అన్నట్టు తలెత్తి చూస్తారు, పక్కకి తిరిగి ఆ చివరి దాకా వెళ్ళి, మూల తిరిగి, అవతలివైపు మళ్ళీ వెనక్కి వస్తారు. చేతికర్ర ముసలాయన గాల్లో వేళ్ళతో టకటక తట్టి చూశాడు. టైలరమ్మ అరచెయ్యి చాపి, లేని గోడని పైనుంచి కిందికి తడిమి, “గట్టిగా కట్టారు” అంది. ప్రొఫెసరమ్మ రాసుకుంటోంది. మా ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

ఆఖర్న టపా తాత. అలవాటు కొద్దీ ముందు చక్రం పాత చోటికే పోయింది. తాత బ్రేకు నొక్కాడు, సైకిలుకి సర్దిచెప్తున్నట్టు హ్యాండిలు తిప్పాడు, గోడ వెంట నడక మొదలెట్టాడు. సగం దూరంలో ఊపిరందక ఆగిపోయాడు. ఎండ నడినెత్తిన ఉంది. సీటు మీద మోచేతులు ఆనించి కాసేపు నిలబడి, ముఖం తుడుచుకుని, మా ఆవిడ వైపు చూసి, ఏం ఫరవాలేదమ్మాయ్ అన్నట్టు నవ్వాడు. మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు నేను భరించలేకపోయాను. డబ్బా కింద పెట్టి, హాలు దాటి, ఉత్తరం గోడలో ఆ చోటి మీంచి నేరుగా నడిచి అవతలికెళ్ళాను. చాలదనిపించి వెనక్కొచ్చి, బూటుతో ఆ గీతని ఇటోసారి అటోసారి చెరిపాను.

“ఏమండీ!” మా ఆవిడ గొంతు కీచుమంది. “గోడ!”

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. “మీరు గోడలోంచి నడిచారు.”

“గోడ కాదండీ, అచ్చుతప్పు. ఇక్కడ ఖాళీ వదలాలి.”

ఆ మూల నుంచి టపా తాత గట్టిగా, “నేను మొదట్నుంచీ అదే చెప్తున్నా, ఈ అబ్బాయే వినలేదు!” అన్నాడు. అని, సైకిలు తిప్పుకుని వెనక్కొచ్చి, నేను చెరిపిన చోటునుంచి దర్జాగా దాటిపోయాడు.

టైలరమ్మ నెత్తి కొట్టుకుంది. “అయిపోయింది! ఇంత నటించి ఏం లాభం? ఆవిడ పాస్ సంగతేం కాను!”

మా ఆవిడ టైలరమ్మ వైపు చూసింది, తాత వైపు చూసింది, చివరికి నావైపు చూసింది. ముఖంలో వెలుగు ఆరిపోవడం నేను కళ్ళారా చూశాను. ప్రొఫెసరమ్మ పుస్తకం మూసేసి, “ఈ నడక లెక్కలోకి రాదు. వచ్చే శుక్రవారం మళ్ళీ నడుద్దాం. ఈసారి దయచేసి ఎవరూ నటించకండి” అని గొడుగు తిప్పుకుంటూ వెళ్ళిపోయింది.

మూడు రోజులు మా ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి. నాలుగో రోజు పొద్దున్న డబ్బా సర్దుతుంటే ఆవిడ మాట్లాడింది.

“గోడ తొక్కినందుకు కాదు నా కోపం. ఊరంతా నాకు తెలియకుండా జాలిపడి నన్ను పాస్ చేద్దామనుకుంది. అది మీకు ముందురోజే తెలుసట, టైలరమ్మే చెప్పింది. అయినా మీరు ఇస్త్రీ బాగుందన్నారు.”

“ఆరో రోజే చెప్పానుగా, సందు కావాలని.”

“ఎలా చెప్పారు? ఉత్తరం, ప్రత్యుత్తరం, సందు, సందడి! మీరు మాటలతో ఆడుకుంటున్నారో మాట చెప్తున్నారో పాతికేళ్ళయినా నాకెలా తెలుస్తుంది?”

డబ్బా మూత పెట్టాను. “అక్కడ ఓ దారి ఉండేది. అందరూ నడుస్తారు. పెద్దాయన చుట్టూ తిరగలేకపోతున్నాడు” అన్నాను. అంతే అన్నాను.

ఆవిడ టేపు తీసి చేతిసంచీలో వేసుకుంది. “ఎంత వెడల్పు?”

తెలియదు. ఇద్దరం టపా తాత దగ్గరికెళ్ళాం. మ్యాపులో మూడున్నర అడుగులని ఉందనీ, తను ఆరడుగులు వదులుతాననీ మా ఆవిడ చెప్పింది. తాత అడ్డంగా తలూపాడు.

“ఆరా? వద్దమ్మాయ్. నేను సైకిలు తోసుకుంటూ వస్తుంటే, ఎదురొచ్చిన మనిషి ఆగి గోడకి ఆనుకోవాలి. అంతే వెడల్పు. ఇంకా ఎక్కువైతే ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఇరుకు కాబట్టే ఆగేవాళ్ళు. ఆగితే ఉత్తరం చేతికిచ్చేవాణ్ణి. చదవలేనివాళ్ళకి అక్కడే చదివిపెట్టేవాణ్ణి. పెళ్ళి కుదిరిందో, మనిషి పోయాడో, ఊరి కబుర్లన్నీ ఆ గోడకి ఆనుకునే విన్నారు.”

మా ఆవిడ రాసుకోవడం ఆపేసింది. యాభై గదుల్లో ఎవరూ చెప్పనిది అది. ఆ మధ్యాహ్నమే జ్ఞాపకాల గోడని రెండు ముక్కలు చేసింది. పేర్లు పైన, అందరూ చూసేచోట కాదట. సందులోపల రెండు వైపులా, వీపు ఆనే ఎత్తులో చెక్కిస్తుందట. వెడల్పు ఎంతంటే తాత సైకిలు హ్యాండిలు, ఒక మనిషి మందం.

శుక్రవారం పొద్దున్న కొత్త ముగ్గు పోశాను. ఆ సందు దగ్గరికొచ్చాక డబ్బా చిల్లుకి వేలు అడ్డం పెట్టి దాటాను. ప్రూఫుల్లో ఖాళీ వదలమని పదివేలసార్లు గుర్తు పెట్టి ఉంటాను. నా చేత్తో వదిలింది ఇదొక్కటే.

ఈసారి ఎవరూ తలెత్తి చూడలేదు, ఎవరూ గాలిని తట్టలేదు. బకెట్లవాళ్ళు బకెట్లతో, నర్సు పరుగుతో వెళ్ళిపోయారు. టైలరమ్మ సందులోకి రెండడుగులు వేసి ఆగి, కుడివైపు ఖాళీని చూస్తూ, “ఇక్కడే నా దుకాణం మెట్టు” అంది. తర్వాత తాత సైకిలు సీటు మీద కాగితం పెట్టి, ‘సరే’ అని రాసి సంతకం చేసింది. కింద ఇంకో ముక్క కూడా రాసింది: ‘గునపం అవసరం లేదు.’ ప్రొఫెసరమ్మ అది రెండుసార్లు చదివింది. అర్థమైందో లేదో గానీ, మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపింది.

జనం పలచబడ్డాక నేను డబ్బా పట్టుకుని ఉత్తరం వైపునుంచి సందులోకి వచ్చాను. ఎదురుగా మా ఆవిడ, తాతని అడిగి తీసుకున్న సైకిలు తోసుకుంటూ వస్తోంది. తప్పుకునే చోటు లేదు. డబ్బా గుండెకి హత్తుకుని, పక్కకి తిరిగి, ఏమీ లేనిచోట వీపు ఆనించి నిలబడ్డాను.

ఆవిడ నా పక్కనే సైకిలు ఆపింది. వారం రోజుల తర్వాత మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది.

“ఆనుకోకండి,” అంది. “పచ్చిగోడ.”

ఉలిక్కిపడి ముందుకు జరిగి, వీపు దులుపుకున్నాను.